తొల్వేరి ముక్కు మీద కొబ్బరికాయ

ప్రవీణ్ ఫోన్ చేసేసరికి నేను పొయ్యి మీద పప్పు ఎనుపుతున్నాను. అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్ళో, మా గుడి వాట్సాప్ గ్రూపులో ఎవరో నా నంబరిచ్చారట. “ఆంటీ, మీకు నేను తెలీదు. మీ డాడీ కారు నా దగ్గరుంది” అన్నాడు. నాన్న పోయి చాలా కాలమైంది. ఆయన నడిపిన కార్లన్నీ ఏనాడో తుక్కు కింద పోయాయి, ఒక్కటి తప్ప. కాబట్టి ఏ కారని అడగాల్సిన పని లేకపోయింది. ఆ అబ్బాయి సంబరంగా చెప్పుకుపోతున్నాడు. ఎక్కడో వేలంలో కొన్నాడట, పాత యజమానులెవరా అని వెతుకుతుంటే మన తెలుగు ఇంటిపేరు కనపడి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. వచ్చే శనివారం పాత కార్ల ప్రదర్శన ఉందట, అక్కడ నేను మైకు పట్టుకుని ఆ కారు గురించి నాలుగు ముక్కలు చెప్పాలట. “హెరిటేజ్ ఆంటీ! ఒక తెలుగాయన డెట్రాయిట్ పక్కన తన గరాజ్‌లో తొల్వేరి లాంటి ఇటాలియన్ కారుని రీస్టోర్ చేశాడంటే ఎవరు నమ్ముతారు?” వస్తానన్నాను. ఈలోగా పప్పు మాడింది. నాకు కోపం వస్తే వంట మాడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం జరగకుండా జీవితమంతా నాకు నేనే కాపలా కాసుకుంటూ వచ్చాను, ఎందుకంటే నాది నాన్న పోలిక.

ప్రదర్శన ఒక గోల్ఫ్ మైదానంలో పెట్టారు. పచ్చగడ్డి మీద ఎర్రవీ పసుపువీ బోలెడు కార్లు, వాటి చుట్టూ టోపీలు పెట్టుకున్న ముసలి తెల్లవాళ్ళు. మా కారు మాత్రం ముదురు నీలం. నా నడుం ఎత్తు కూడా ఉండదు. దాన్ని చూడగానే నా వీపు దానంతటదే బిగుసుకుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒంటికి మరపు రాలేదని అప్పుడు తెలిసింది. ప్రవీణ్ నలభై దాటిన మనిషి, ఒకప్పుడు హెచ్-వన్ మీద వచ్చి ఇప్పుడు సొంత కంపెనీ పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ అన్నపూర్ణమ్మగారు గుంటూరు నుంచి కొడుకు దగ్గర కొన్నాళ్ళుండి పోదామని వచ్చారట, శాలువా కప్పుకుని మడత కుర్చీలో కూర్చున్నారు. “మా నాన్నగారు ఉంటే ఎంత మురిసిపోయేవారో ఆంటీ. చాలా డిసిప్లిన్ మనిషి. ఆయన భయానికే నేను ఇంతవాణ్ణయ్యాను” అన్నాడు ప్రవీణ్. ఆవిడ శాలువా అంచు సర్దుకున్నారు. అతను నన్ను కారు ముందుకి తీసుకెళ్ళి, రంగు మందం కొలిచే చిన్న మీటరు ముక్కు మీద ఆనించి చూపించాడు. “బాడీ అంతా ఒరిజినల్ ఆంటీ. ఇక్కడ మాత్రం అరచెయ్యంత మేర ఎవరో మళ్ళీ వర్క్ చేశారు. యాక్సిడెంట్ ఏమైనా అయిందా?” కొబ్బరికాయ అన్నాను. జోకేశాననుకుని గట్టిగా నవ్వాడు.

నాన్న ఇక్కడ ఒక పెద్ద కార్ల కంపెనీలో తలుపు బందులు డిజైన్ చేసే ఇంజనీరు. ఆ పని తన స్థాయికి తక్కువని ఆయన నమ్మకం, ఆ తక్కువతనం రోజూ సాయంత్రం ఇంటికి మోసుకొచ్చేవాడు. ఊరవతల ఒక పొలంలో, గడ్డిమోపుల వెనక, ఇంజన్ బిగుసుకుపోయి పడున్న ఆ ఇటలీ కారు ఆయన కంట పడ్డాక మాత్రం మనిషికి ఒక మతం దొరికినట్టయింది. భోజనానికి ఎవరొచ్చినా ముందు తొల్వేరిల కథ వినాల్సిందే. వాళ్ళు మోడెనా దగ్గర పల్లెలో ఒక కమ్మరి కొడుకులు, అన్నదమ్ములు. తండ్రి నాగళ్ళూ గుర్రపు నాడాలూ చేసేవాడు. యుద్ధం అయిపోయాక పొలాల్లో కూలిన విమానాల అల్యూమినియం రేకులు ఏరుకొచ్చి వీళ్ళు కార్లు మొదలెట్టారు. కర్రతో కారు ఆకారం చేసుకుని, దాని మీద రేకు పరిచి, చెక్క సుత్తులతో కొట్టి కొట్టి ఒంపులు తెచ్చేవాళ్ళు. అందుకే ఏ రెండు తొల్వేరిలూ అచ్చం ఒకలా ఉండవు. తయారైన ప్రతి కారునీ అన్నదమ్ముల్లో పెద్దాయన వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి వినేవాడట. మోత నచ్చకపోతే సమ్మెట తెప్పించి అందరి ముందూ దాన్ని నుజ్జు చేసేవాడట. నెలల తరబడి దాన్ని కొట్టి తయారుచేసినవాళ్ళు కదలకుండా నిలబడి చూడాల్సిందే. ఇక్కడికొచ్చేసరికి నాన్న కళ్ళు మెరిసేవి. “అదీ పనంటే! రాజీ లేదు!” అనేవాడు. కూరలో ఉప్పెక్కితే గిన్నె గోడకేసి కొట్టడం కూడా రాజీలేనితనం కిందే లెక్క కాబోలు.

మా గరాజ్‌కీ వంటింటికీ మధ్య ఒకటే గోడ. అటునుంచి పెయింటులో కలిపే థిన్నర్ వాసన, ఇటునుంచి పోపు వాసన, రెండూ కలిసి మా బట్టలకీ నా స్కూలు పుస్తకాలకీ పట్టి ఉండేవి. ఆఫీసు నుంచి రాగానే నాన్న గరాజ్‌లోకి వెళ్ళేవాడు. సుత్తి మోత మొదలయ్యేది. అది నిదానంగా, ఒక వరసలో పడుతున్నంత సేపూ మా ఇల్లు ఇల్లులా ఉండేది. అమ్మ కూనిరాగం తీస్తూ అన్నం వార్చేది, నేను బల్ల దగ్గర లెక్కలు చేసుకునేదాన్ని. మధ్యలో మోత టక్కున ఆగిపోతే మాత్రం ఇద్దరం తలెత్తేవాళ్ళం. అమ్మ ముందు స్టవ్ ఆపేది, ఎందుకంటే ఒకసారి కాగిన నూనె మూకుడు మీద పడ్డ మచ్చ ఆవిడ పాదం మీద ఉంది. తర్వాత గాజులు తీసి కిటికీ గట్టు మీద పెట్టేది. గాజులు పగిలితే కోసుకుంటాయని. “పైకెళ్ళు” అనేది నాతో, మామూలు గొంతుతోనే. నేను వెళ్ళేదాన్ని. పైన ఉన్నా అన్నీ వినపడేవి.

కారు మీద పడలేని కోపమంతా అమ్మ మీద పడేది. రేకు మీద గీత పడినా, ఇటలీ నుంచి రావలసిన సామాను రాకపోయినా, ఆఫీసులో తనకన్నా చిన్నవాడికి ప్రమోషన్ వచ్చినా దారి మాత్రం వంటింటి వైపే. బెల్టుతో వీపు మీద, చెయ్యి మెలితిప్పి గోడకేసి, జుట్టు పట్టుకుని ఫ్రిజ్ తలుపుకేసి. ముఖం మీద మాత్రం కొట్టేవాడు కాదు. ముఖం పదిమందికీ కనపడుతుంది కదా. అడ్డం వెళ్తే నాకూ తగిలేవి. ఒకసారి స్పానర్ విసిరితే నా చెవి పక్కనుంచి పోయి గోడలో గుంట చేసింది, ఆ గుంట మీద అమ్మ క్యాలెండరు తగిలించింది. మర్నాడు ఆయన ఐస్‌క్రీమ్ డబ్బా తెచ్చేవాడు. నాకు నచ్చిన రకమే తెచ్చేవాడు. తినకపోతే మళ్ళీ ఏమవుతుందోనని తినేదాన్ని. ఇప్పటికీ ఆ రకాన్ని మా ఇంట్లోకి రానివ్వను. అదే చేతుల్తో ఆయన తొల్వేరి ఒంటి మీద ఉన్నిగుడ్డతో ఎంత మెత్తగా రాసేవాడో చూస్తే, నాకు ఆ కారంటే పచ్చి అసూయగా ఉండేది.

నేను హైస్కూల్లో చేరిన ఏడాది కారు పూర్తయింది. సరిగ్గా అప్పుడే మా సత్యం బాబాయి, నాన్న తమ్ముడు, రావులపాలెం నుంచి అమెరికా చూడటానికొచ్చాడు. ఆయనకి అక్కడ లారీలుండేవి. మనిషి నల్లగా దిట్టంగా ఉండేవాడు, వచ్చిన దగ్గర్నుంచీ నవ్విస్తూనే ఉన్నాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ నాన్న చెయ్యి లేవలేదు, అందుకే నాకు బాబాయి దేవుడిలా కనపడ్డాడు. కారు రేపు రోడ్డెక్కుతుందనగా బాబాయి నడుం మీద చేతులు పెట్టుకుని, “ఏంటన్నయ్యా, పూజ సేయించకుండా బండి బయటికి తీత్తావా? కుదరదంతే. అంతా నేను సూసుకుంటాను” అన్నాడు. నాన్నకి ఇష్టం లేదు. కానీ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరినీ పిలిచి కారు చూపించుకోవచ్చన్న ఆశ గెలిచింది. శనివారం పొద్దున్నే మా ఇంటి ముందు పట్టుచీరలూ సూట్లూ దిగాయి. వచ్చినవాళ్ళలో మగవాళ్ళందరూ ఇంజనీర్లే. అమ్మ లేత పసుపు రంగు చీర కట్టుకుని పులిహోర, చక్రపొంగలి బల్ల మీద సర్దింది.

బాబాయి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. ముక్కు మీద పసుపూ కుంకుమా బొట్లు పెడుతుంటే నాన్న దవడ బిగుసుకోవడం నేను చూశాను. హారతి అయింది. బాబాయి కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, తన లారీలన్నిటికీ ఎలా కొట్టాడో అలాగే, రెండు చేతులూ పైకెత్తి బండి ముందు భాగం మీద కొట్టాడు. లారీకైతే అక్కడ ఇనప బంపరుంటుంది. తొల్వేరికి అక్కడ ఉన్నది కాగితమంత పల్చటి అల్యూమినియం. కాయ పగల్లేదు. రేకు లోపలికి దిగబడింది. రెండోసారి ఇంకా గట్టిగా కొట్టాడు పాపం, మొదటిసారి కాయ పగలకపోతే అశుభమని. అప్పుడు పగిలింది. నీళ్ళు ఆ సొట్టలో నిలిచాయి. బాబాయి కళ్ళు తెరిచి, చిప్పలు రెండు చేతుల్లో పట్టుకుని, “శుభం అన్నయ్యా, పువ్వొచ్చింది!” అన్నాడు.

నాన్న అరవలేదు. వెనక బల్ల మీదున్న ఇనప సుత్తి తీసుకుని వచ్చి బాబాయి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వాకిట్లో అందరికీ వినపడింది. బాబాయి మోకాళ్ళ మీద పడ్డాడు, చిప్పలు దొర్లిపోయాయి. రెండో దెబ్బ పక్కటెముకల మీద. “నా రక్తం పోసి చేశాన్రా దీన్ని! నా రక్తం!” అంటూ మూడోసారి తలకి గురిపెట్టి సుత్తి ఎత్తాడు. అమ్మ పరిగెత్తుకెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. సుత్తి పిడితో ముఖం మీద కొట్టాడు. ఆ రోజు ఎవరు చూస్తారన్న జాగ్రత్త కూడా పోయింది. కనుబొమ చీలి రక్తం పసుపు చీర మీదికి కారింది. అంతటితో ఆపలేదు. జడ చేతికి చుట్టుకుని ఆవిడ తలని గరాజ్ గుమ్మానికేసి కొట్టాడు, వదిలేసి కడుపులో తన్నాడు. నేను ఆయన వీపు మీద పడి మెడ కొరికాను. విదిలిస్తే కాంక్రీటు మీద పడి ముంజెయ్యి దోక్కుపోయింది. ఇంతసేపూ ఇంజనీర్లందరూ పేపర్ ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. మా పక్కింట్లో ఉండే రావు అంకుల్ “కంట్రోల్, కంట్రోల్” అంటున్నాడు, అడుగు ముందుకెయ్యకుండా. నాన్న సుత్తి పడేసి కారు ముందు కూర్చుని, ఆ సొట్టలో నీళ్ళు జేబురుమాలుతో అద్దడం మొదలెట్టాక గానీ ఎవరూ కదల్లేదు.

పోలీసుని పిలిచింది మనవాళ్ళు కాదు. ఎదురింటి పోలిష్ ముసలమ్మ. పోలీసు కారు ఆగగానే రావు అంకుల్ భార్య నా దోక్కుపోయిన చెయ్యి పట్టుకుని, “ఏమీ చెప్పకు. వీసాలు పోతాయి, పరువు పోతుంది” అని చెవిలో అంది. నాన్న అప్పటికే లేచి చొక్కా సర్దుకున్నాడు. పోలీసు డెట్రాయిట్ మనిషి, కార్ల గాలి పీల్చి పెరిగినవాడు. అతని చూపు ముందు మా మీద పడింది, తర్వాత తొల్వేరి మీద పడి అక్కడే ఆగిపోయింది. ఇదేం కారని అడిగాడు. ఇంక చూడండి. కమ్మరి కొడుకులు, కూలిన విమానాలు, చెక్క సుత్తులు, కణుపులతో తట్టి వినడం, మొత్తం చెప్పాడు నాన్న. ఇంజన్ మూత తెరిచి చూపించాడు. పోలీసు టోపీ తీసి వంగి చూశాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ బాబాయిని, ఏమైందని మర్యాదకి అడిగాడు. బాబాయి చెయ్యి వేలాడుతోంది. “స్లిప్ సార్. కోకొనట్ వాటర్. ఐ ఫాల్” అన్నాడు. తనని చంపబోయిన అన్న కోసం అన్నాడు ఆ మాట. పోలీసు తలూపి టోపీ పెట్టుకున్నాడు. అతను వెళ్ళిపోతే ఆ సాయంత్రం మా ఇంట్లో ఏం జరుగుతుందో నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు.

అమ్మకి ఇంగ్లీషు రాదని మేమందరం అనుకునేవాళ్ళం. బజారుకెళ్ళినా డాక్టరు దగ్గరికెళ్ళినా నాన్నే మాట్లాడేవాడు. ఆవిడ గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది. ఒక కన్ను మూసుకుపోయింది. “సార్, కార్ లేటర్. సీ మై ఫేస్” అంది. అందరూ తిరిగారు. “మై హస్బెండ్ బీట్ మీ. టుడే, అండ్ ఆల్ డేస్. హిజ్ బ్రదర్ ఆల్సో. హ్యామర్.” రావు అంకుల్ “అమ్మా, అమ్మా” అంటూ ఆపబోయాడు. అమ్మ ఆయనకేసి చూడకుండా జాకెట్టు చెయ్యి పైకి లాగి నీలం మచ్చలు చూపించింది, చెప్పు విప్పి పాదం చూపించింది. పోలీసు ముఖం మారిపోయింది. నాన్నకి బేడీలు వేసి పోలీసు కారు వైపు నడిపిస్తుంటే ఆయన వెనక్కి తిరిగి నాతో ఒకే ఒక మాటన్నాడు. “గరాజ్ తలుపు వేసెయ్, దుమ్ము పడుతుంది.”

ఆ తర్వాత మా ఇంటికి పెద్దమనుషులు రావడం మొదలైంది. నాన్నని వదిలారు గానీ ఇంటి దరిదాపులకి రావద్దని కోర్టు చెప్పింది, ఆ అడ్డు తీయించమని అమ్మని బతిమాలడానికి వచ్చేవాళ్ళు. బాబాయి కట్టు కట్టుకుని విమానం ఎక్కేముందు, “ఇంటి గుట్టు రోడ్డున పడేశావు వదినా” అని మాత్రం అన్నాడు. రావు అంకుల్ అయితే సోఫాలో కూర్చుని కాఫీ అడిగి మరీ చెప్పాడు. “మనిషికి కోపమే గానీ మనసు వెన్న తల్లీ.” కుట్లు ఇంకా విప్పలేదు అమ్మకి. “ఆ వెన్న నేనెప్పుడూ చూళ్ళేదన్నయ్యగారూ. నాదాకా వచ్చింది చెయ్యే” అంది. కాఫీ ఇవ్వలేదు. ఆ ఊళ్ళో మమ్మల్ని మళ్ళీ ఏ తెలుగు ఇంట్లోనూ పేరంటానికి పిలవలేదు. అమ్మ ఒక స్కూలు వంటశాలలో చేరింది, సాయంత్రం ఇంటికొచ్చి టీవీ గట్టిగా పెట్టుకునేది. మా ఇంట్లో అంత చప్పుడు చేసే హక్కు ఆవిడకి దొరకడం అదే మొదలు. నాన్న మనుషుల్ని పంపి కారు తెప్పించుకుని, ఆ సొట్ట తీసి, రంగు వేసి, దాన్ని అమ్మేసి వేరే రాష్ట్రం వెళ్ళిపోయాడు. అక్కడే పోయాడు. నేను ఏడ్చాను, అబద్ధం చెప్పను. ఆయన నాకు సైకిల్ నేర్పినవాడు కూడా.

ఇవన్నీ ఆ గడ్డి మీద నిలబడి తలుచుకుంటుండగా నిర్వాహకుడు మైకు తీసుకున్నాడు. ఎర్రటి ముఖం, తెల్ల ప్యాంటు, మంచి మాటకారి. తొల్వేరిల కథ చెప్పాడు. నాన్న ఎప్పుడూ చెప్పని ముక్క కూడా చెప్పాడు. ఒక రేకు ఒంపు దగ్గర మాటామాటా పెరిగి అన్న తమ్ముడి చేతి మీద సుత్తితో కొట్టాడట, ఆ చెయ్యి మళ్ళీ పనికిరాలేదట, కంపెనీ ఆ ఏడే మూతపడిందట. “ప్యాషన్, లేడీస్ అండ్ జెంటిల్మెన్!” అన్నాడు. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. నా ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు రోజులు మారాయనే అనుకుంటాను నేను. మా గుడిలో ఆడవాళ్ళ బాత్‌రూమ్ తలుపు లోపల, ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్ళకి సాయం నంబరు రాసిన కాగితం అంటించి ఉంటుంది, చింపుకుని పట్టుకెళ్ళడానికి చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి. అమ్మ కాలంలో అది లేదు. కానీ ఎప్పుడు వెళ్ళి చూసినా రెండు మూడు ముక్కలు చింపే ఉంటాయి. అంటే కొట్టేవాళ్ళు కొడుతూనే ఉన్నారు. విరిగిన చెయ్యిని కారు అందంలో కలిపేసి చప్పట్లు కొట్టేవాళ్ళూ కొడుతూనే ఉన్నారు.

నా వంతు వచ్చింది. ముక్కు మీద ఆ అతుకు ఎలా వచ్చిందో చెప్పాను, కొబ్బరికాయ దగ్గర్నుంచి బేడీల దాకా, మా అమ్మ అన్న మాటలు అన్నట్టుగానే. ఎవరూ నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు. ఒకరిద్దరు పక్క కారు చూడటానికి జరిగారు. ప్రవీణ్ నన్ను పక్కకి పిలిచాడు. ముఖం కందిపోయింది. “ఆంటీ, ఐ యామ్ సారీ ఫర్ యువర్ మదర్, నిజంగా. కానీ ఇవన్నీ ఇప్పుడు ఇక్కడ ఎందుకు? పోయినవాళ్ళ గురించి మంచే చెప్పుకోవాలి కదా” అన్నాడు. జవాబు చెబితే గొంతు పెరుగుతుందని అక్కణ్ణుంచి కదిలాను. అతను వెళ్ళి కారు ముక్కు మీద వేలిముద్రలు తుడవడం మొదలెట్టాడు.

అన్నపూర్ణమ్మగారు పక్క కుర్చీ చూపించి కూర్చోమన్నారు. “మీ అమ్మగారు ఉన్నారా అమ్మా?” అని అడిగారు.

“లేరండీ. చివరిదాకా నా దగ్గరే ఉన్నారు.”

“అంతమందిలోనే అన్నారా ఆ మాట? భయం వెయ్యలేదూ?”

“వేసిందండీ. గుమ్మం పట్టుకునే అన్నారు.”

ఆవిడ కొడుకు వైపు తిరిగారు. శాలువా తీసి మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నారు.

“ప్రవీణూ, ఆ గుడ్డ అక్కడ పెట్టి ఇటు రా నాన్నా.”

“ఒక్క నిమిషం అమ్మా.”

“కాదు, ఇప్పుడే రా. మీ నాన్నగారు నన్ను కొట్టేవారు.”